మంచు తడి మీద వేసిన అతుకు

రెజిన్‌లో దాన్ని గట్టిపరిచే హార్డనర్ కలిపాక లేచే ఘాటు వాసనకు పటాన్‌చెరులో మా షెడ్డు పక్కగా నడిచేవాళ్ళు కొంగో రుమాలో ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. ఇరవై ఏళ్ళకు పైగా ఫైబర్ ట్యాంకులు చేస్తున్న నాకు ఆ వాసన తెలియనే తెలియదు. చలికాలంలో ఎప్పుడో ఒకసారి, పొద్దున్నే షట్టర్ ఎత్తినప్పుడు బయటి మంచు ఆ ఘాటుతో కలిసి ముక్కుకు తగిలితే మాత్రం తెలుస్తుంది. అప్పుడు నా కుడి అరచేయి చెమరుస్తుంది. మొన్న కూడా అట్లాగే అయింది. చేయి ప్యాంటుకు తుడుచుకొని, కలిపిన డబ్బా పక్కన పెట్టి, కాసేపు కూర్చుండిపోయాను. దేవదానం సార్ గుర్తొచ్చారు. ఆయన గుర్తొస్తే పక్కన భార్య కరుణమ్మ గారు లేకుండా గుర్తురారు.

ఈ షెడ్డు ఒకప్పుడు సార్‌ది. గ్లాస్ మ్యాట్ అనే గాజునార పరచడం, గాలి బుడగ నిలవకుండా రోలర్ తిప్పడం ఆయన చేతి కిందే నేర్చుకున్నాను. మాది ఒకే చర్చి సంఘం. బుధవారం ఇళ్ళల్లో జరిగే ప్రార్థనల్లో నాతో వాక్యం చెప్పించింది కూడా ఆయనే. యాభై అయిదు దాటాక సార్ షెడ్డును తమ్ముడికి అప్పగించి, వెనక ఖాళీ జాగాలో తెరచాప పడవ కట్టడం మొదలుపెట్టారు. భార్యాభర్తలిద్దరే అందులో ఉంటూ, తీరం వెంట రేవు నుంచి రేవుకు తిరగాలని వాళ్ళ కోరిక. పిల్లలు లేరు. కరుణమ్మ గారు లెక్కల టీచరు పని మానేసి గాలుల పటాలు చదవడం మొదలుపెట్టారు. సార్ ఊరు లక్డారం నుంచి జనం వచ్చి పడవను చుట్టూ తిరిగి చూసేవారు. "సారూ, ఇది మంజీర దాకన్న పోతదా?" అని ఒకాయన అడిగితే, "మంజీరల నీళ్ళుంటే పోతది" అన్నారు సార్. పడవకు ఎబెనెజరు అని పేరు పెట్టారు. ప్రభువు ఇంతదాకా తోడున్నాడని సమూయేలు నిలబెట్టిన రాయికి పెట్టిన పేరది. "ఏమయ్యా, తేలేదానికి రాయి పేరు పెట్టినవేంది?" అని కరుణమ్మ గారు సంఘమంతా వింటుండగా అడిగారు.

లారీ మీద కాకినాడ చేర్చిన ఆ పడవలో వాళ్ళు ఏడేళ్ళు తిరిగారు. వానాకాలమంతా లక్డారంలో ఇంట్లో, మిగతా నెలలు నీళ్ళ మీద. కాకినాడ నుంచి నాగపట్నం, అక్కడి నుంచి చుట్టు తిరిగి కొచ్చి, మళ్ళీ వెనక్కి. మొదటి ఏడే కృష్ణపట్నం దగ్గర ఒక మధ్యాహ్నం గాలి ముదిరితే కరుణమ్మ గారు వెనక్కి పోదామన్నారట. సార్ నవ్వి ముందుకే పోయారు. పడవ ఒరిగినప్పుడు ఆమె చెక్కకు కొట్టుకొని ఎడమ మణికట్టు విరిగింది. ఎముక వంకరగానే అతుక్కుంది. ఆ తర్వాత ఇద్దరూ ఒక నియమం పెట్టుకున్నారు. పడవ మీద ఎవరికి భయమైతే వాళ్ళు నోరు తెరిచి చెప్పాలి. చెప్పాక రెండోవాళ్ళు వాదించకూడదు, వెనక్కి తిప్పాలి. ఆ మాట సార్ నాకు చెప్పినప్పుడు నాకు నచ్చలేదు. భయం అవిశ్వాసమని అప్పటికి ఎన్నో బుధవారాలు బోధించి ఉన్నాను. తుఫానులో పడవ వెనకభాగాన ప్రభువు నిశ్చింతగా నిద్రపోయిన సంగతే నా ఇష్టమైన ప్రసంగం.

మూడో ఏడు జనవరిలో కాకినాడ నుంచి ఫోన్ వచ్చింది. నీళ్ళల్లో మునిగి ఉన్న ఏదో దుంగ తగిలి పడవ అడుగున పగులు పడింది. "యోహానూ, రెండు రోజులు వచ్చిపో. నీ చెయ్యే కావాలె" అన్నారు సార్. వెళ్ళాను. చేపల రేవులో పడవను ఒడ్డుకు లాగి దిమ్మెల మీద నిలబెట్టారు. ఆ సాయంత్రం పగిలిన చోటంతా గ్రైండర్‌తో చెక్కి పెట్టాను. తెల్లారి ప్యాచ్ వెయ్యాలి. మర్నాడు పొద్దున్నే సార్ నీళ్ళ క్యాన్ల కోసం, కరుణమ్మ గారు కూరగాయల కోసం బజారుకు పోయారు. వాళ్ళు వచ్చేసరికి పని ముగించి చూపిద్దామని నా తొందర. మా షెడ్డులో మంచు రేకుల మీద పడుతుంది గాని సరుకు మీద పడదు. తీరాన ఆరుబయట నిలబెట్టిన పడవకు రాత్రంతా మంచు పడుతుందని నాకు తట్టలేదు. చేయి పెట్టి చూస్తే చల్లగా, కాస్త తడిగా ఉంది. గుడ్డతో తుడిచాను. తడి మీద రెజిన్ పట్టదని, ఎండ వచ్చేదాకా ఆగాలని తెలుసు. ఆగలేదు. మ్యాట్ పరిచి, రోలర్ తిప్పి, దాని మీద చేయి పెట్టి ప్రార్థన చేశాను.

మూడో రోజు తెల్లవారుజామున బయలుదేరాం. నిజాంపట్నం దాకా తోడు రమ్మన్నారు, కాదనలేకపోయాను. ఈశాన్యపు గాలి వెనక నుంచి తోస్తుంటే పడవ దక్షిణానికి హాయిగా జారిపోతోంది. సార్ చుక్కాని దగ్గర కూర్చుని కూనిరాగం తీస్తున్నారు. నేను అరగంటకోసారి లోపలికి దిగి, అడుగు పలక ఎత్తి, ప్యాచ్ ఉన్న చోట తడిమి పైకి వస్తున్నాను. పొడిగానే ఉంది. అయినా మళ్ళీ దిగుతున్నాను. తొమ్మిది దాటేసరికి తీరం సన్నని గీత అయింది. కళ్ళు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టాను. ప్రభువా ఈ పడవను నీ అరచేతిలో పెట్టుకో అంటూ, సంఘంలో అందరికీ వినబడేంత గొంతుతో.

"యోహానూ" అన్నారు కరుణమ్మ గారు. ఉల్లిగడ్డలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టారు. "దేవునికి చెవుడు లేదు. గింత గట్టిగ ఎవరికి చెప్తున్నవ్?"

నేను కళ్ళు తెరిచి అడుగు పలక వైపు చూశాను.

"పొద్దటి నుంచి ఆరు మాట్ల దిగినవ్. నీకు భయమైతుందా?"

"లేదమ్మా. విశ్వాసమున్నది."

"విశ్వాసం సంగతి నేను అడగలే. భయం సంగతి అడిగిన. ఈ పడవ మీద ముగ్గురమున్నం. నియమం ముగ్గురికి."

సార్ కూనిరాగం ఆగిపోయింది. ఆయన నావైపు చూడలేదు, తెరచాప వైపే చూస్తున్నారు.

"భయమైతుంది సార్" అన్నాను. "ప్యాచ్ తడి మీద ఏసిన. మంచు తడి. తుడిసిన గానీ ఆరనియ్యలే."

"ఎంత మేర?"

"తెల్వది సార్. ఓ మూల ఎక్కువ తడి ఉండె."

"కరుణా, తిప్పుతున్న" అన్నారు సార్. అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు.

అప్పటిదాకా తోసిన గాలి ఇప్పుడు ఎదురైంది. మూడు గంటల్లో వచ్చిన దూరం వెనక్కి పోవాలంటే అడ్డదిడ్డంగా ఒరుగుతూ పొద్దంతా పోవాలి. ప్రతి అల మీదా పడవ ముందుభాగం లేచి దబ్బున పడుతోంది. పడినప్పుడల్లా ఆ దెబ్బ ప్యాచ్‌కే తగులుతున్నట్టు నాకు అనిపించేది. సార్ నన్ను లోపలికి పంపి, అరచేయి అతుకు మీద ఆనించి పెట్టమన్నారు. పై నుంచి ఆయన గొంతు వచ్చేది.

"యోహానూ, ఎట్లున్నది?"

"పొడిగున్నది సార్."

మధ్యాహ్నం దాటాక చేతికి చెమ్మ తగిలింది. చెమటేమో అనుకున్నాను. నాలుకకు తాకించి చూశాను. ఉప్పగా ఉంది. చెమట కూడా ఉప్పే. "అమ్మా" అని పైకి పిలిచాను. కరుణమ్మ గారు దిగివచ్చి, గుడ్డతో తుడిచి, నా చేయి తీసేసి, వంకర మణికట్టున్న తన చేయి అక్కడ పెట్టారు. కొంచెంసేపటికి ఆమె చేయి ఎత్తి చూపించారు. వేళ్ళు మెరుస్తున్నాయి.

"నీళ్ళే" అన్నారు. గొంతు మారలేదు. "డబ్బా అందుకో. రాంగ రాంగ తోడుకుందాం. ఏమయ్యా, నీళ్ళు వస్తున్నయ్, జెర మెల్లగ పోనీ."

ఆ మధ్యాహ్నమంతా ఒకరి తర్వాత ఒకరం తోడాం. చెమ్మ ధార కాలేదు, కానీ ఆగనూ లేదు. తోడినంతసేపు నేను ప్రార్థించింది ఒకటే, వీళ్ళు నా వల్ల పోవద్దని. గొంతులోంచి శబ్దం రాలేదు. సూర్యుడు దిగేవేళకు రేవులోకి చేరాం. సార్ చుక్కాని వదలబోతే వేళ్ళు తెరుచుకోలేదు. కరుణమ్మ గారు ఒక్కొక్క వేలు విప్పారు.

మర్నాడు పడవను ఒడ్డుకు లాగాక పుట్టీ పూసే సన్న రేకును ప్యాచ్ అంచు కింద దూర్చి చూశాను. ఒక మూల అరచేయంత మేర ప్యాచ్ లేచివచ్చింది. మిగతాది ఉడుంపట్టు. ముందుకే పోయి ఉంటే నిలిచేదో, లేచిపోయేదో నాకు ఇప్పటికీ తెలియదు. సార్ దాన్ని అంతా గ్రైండర్‌తో చెక్కించేశారు. ఎండ బాగా ఎక్కేదాకా నన్ను రెజిన్ డబ్బా ముట్టనివ్వలేదు. ఆ తర్వాత వచ్చి పడవకు తన చెంప ఆనించారు. "రెజిన్‌ల పని చేసి చేసి మన చేతులు మొద్దుబారినయ్. తడి ఉంటే చెంపకు తెలుస్తది" అన్నారు. అన్నం తినేటప్పుడు ఉండబట్టలేక అడిగాను, నన్ను ఒక్క మాట కూడా ఎందుకు అనలేదని.

"తిడితే ఏమైతది?" అన్నారు సార్. "రేపు నీకు మళ్ళ భయమైతే చెప్పవు. అప్పుడు మేం పోతం."

"తిట్టాలని నాకైతే ఉన్నది" అన్నారు కరుణమ్మ గారు. "ఉల్లిగడ్డలన్ని సముద్రం పాలైనయ్." ఇంకో గరిటె పప్పు వడ్డించారు.

సార్ రెండేళ్ళ క్రితం లక్డారంలో తన మంచం మీదే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. పడవను కరుణమ్మ గారు కాకినాడలో ఉంచారు, చలికాలంలో వెళ్ళి అందులోనే ఉంటారు.

నేను ఇప్పటికీ బుధవారాలు వాక్యం చెబుతాను. పోయిన వారం పక్క ఊరు వెలిమెలలో ఒక సహోదరుడి ఇంట్లో కూడుకున్నాం. ఆయనకు చూపు తగ్గుతోంది. మోకరించి ఆయన కళ్ళ కోసం ప్రార్థిస్తుంటే నా గొంతు పెరుగుతూ పోయింది. గది నిండా ఆమెన్‌లు. ఒక్కసారి నా గొంతు నాకే వినబడింది. ఆపేశాను. అందరూ కళ్ళు తెరిచి చూశారు. పోయిన నెల ఆయనను పెద్దాసుపత్రికి తీసుకుపోతానని మాట ఇచ్చి, పనిలో పడి పోలేదు. అడగడానికి ఆయనకు మొహమాటం, ఒప్పుకోవడానికి నాకు సిగ్గు.

"అన్నా, ఆసుపత్రికి తోల్కపోత అన్న. రాలే. తప్పు నాదే" అన్నాను, అందరి ముందూ.

ఆయన నా చేతిని వెతుక్కొని పట్టుకున్నారు. "రేపు వస్తవా?"

"పొద్దుగాల వస్త."

తర్వాత మెల్లని గొంతుతో ప్రార్థన ముగించాను. వెనక వరసలో ఉన్నవాళ్ళకు వినబడలేదట.