కొంగులో స్క్రూలు

మార్టూరు చర్చిలో ఆ సాయంత్రం నేను మొదటిసారి గిటార్ సోలో వాయించాలి. గుంటూరులో బస్సెక్కి, గిటార్‌ని ఎఫెక్ట్స్ పెడల్‌కి, అదే, కాలితో నొక్కితే గిటార్ మోతను పెంచే చిన్న పెట్టెకి, తగిలించి చూసుకుంటే దాని స్విచ్ మొరాయించింది. ఎన్నిసార్లు నొక్కినా ఎప్పుడో ఒకసారి లైటు వెలుగుతోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఏమైందమ్మాయ్?" అంది పక్కసీటు పెద్దావిడ.

"స్విచ్ పాడైందండి. స్క్రూడ్రైవర్ ఉందిగానీ, విప్పితే పూర్తిగా పోతుందేమోనని భయం."

"ఎటూ పనిచెయ్యట్లేదుగా! విప్పు, నేనున్నాగా," అంటూ ఒళ్లో కొంగు పరిచింది.

విప్పిన స్క్రూలన్నీ అందులో వేశాను. లోపల స్విచ్ నట్టు వదులైంది. ఒక వైరు అతుకు ఊడి, తగిలీ తగలక ఊగుతోంది. ఆ వైరును స్విచ్ కొసనున్న రంధ్రంలో దూర్చి గట్టిగా మెలిపెట్టి, నట్టు బిగించాను. బస్సు ఎంత కుదిపినా కొంగులోంచి ఒక్క స్క్రూ జారలేదు. మూతపెట్టి అవన్నీ తిరిగి బిగించాను.

నొక్కాను. ఎర్రలైటు వెలిగింది.

"ఇంకోసారి నొక్కు!" అంది. ఆరింది. మళ్లీ నొక్కితే వెలిగింది.

"ఎలిగిందే!" అని బస్సంతా తిరిగి చూసేలా చప్పట్లు కొట్టింది. చిలకలూరిపేటలో దిగిపోయింది. ఆవిడ పేరైనా నేను అడగలేదు.

ఆ సాయంత్రం స్విచ్ నొక్కగానే నా గిటార్ డ్రమ్ములను మించి మోగింది. పాట అయ్యాక జనం మళ్లీ వాయించమన్నారు. మళ్లీ నొక్కాను. మళ్లీ మోగింది.