నొప్పి లేదని పోట్లాడిన మనిషి

మా తమ్ముడు నలభై ఏళ్లుగా స్కూటర్లు బాగుచేస్తున్నాడు. ఏ సామాను మార్చినా పాతదాన్ని కాగితంలో చుట్టి బండివాడి చేతిలో పెడతాడు. కంటితో చూడనిదేదీ నమ్మడు. నేను కళ్లు మూసుకుంటే నిద్రపోయానో లేదో చిటికె వేసి చూసే రకం.

అలాంటివాడికి కుడి ఊపిరితిత్తిలో గడ్డ ఉందన్నారు. పక్కటెముకల మధ్య కోసి గడ్డ ఉన్న ముక్క తీశారు. మర్నాడు నేను వెళ్లేసరికి ముఖం మాడ్చుకుని ఉన్నాడు.

"అక్కా, మోసం. వీళ్లు నన్ను కొయ్యనే లేదు."

"మరి ఆ కట్టు ఎవరి సోకుకి కట్టారురా?"

"కట్టు ఎవడైనా కడతాడు. కోస్తే నొప్పుండాలా, వద్దా? తీసిన ముక్కేదంటే పరీక్షకి పంపామంటున్నారు!"

నర్సు మూడు బంతుల డబ్బా ఇచ్చింది. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే బంతులు లేవాలట. అలా పీల్చకపోతే, గట్టిగా దగ్గకపోతే ఊపిరితిత్తి ముడుచుకుపోయి చీము పడుతుందని చెప్పింది. వీడు దాన్ని తలగడ కిందకు తోశాడు. కొయ్యనివాడికి కసరత్తు ఎందుకట! మధ్యాహ్నానికి ఆయాసం మొదలైంది.

"ముక్క కోసం మొండికేసి ప్రాణం పోగొట్టుకుంటావట్రా, వెధవా!" అని తిట్టి, మత్తు డాక్టరమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

ఆవిడ వాదించలేదు. మంచుగడ్డ తెచ్చి వాడి ఎడమ పక్కటెముకల మీద పెట్టింది.

"అబ్బా, చల్లగా ఉందమ్మా!"

తరవాత వాడికి కనబడకుండా కుడివైపు వెనకగా ఆనించింది. వాడు కాసేపు ఎదురుచూసి, "ఊఁ, ఎప్పుడు పెడతారు?" అన్నాడు.

"పెట్టి ఎంతసేపయిందో మీ అక్కగారిని అడగండి. పెద్దాయనా, వెన్ను పక్కన సన్న గొట్టం పెట్టి ఆ వైపు నరాలకి తిమ్మిరి మందు వదులుతున్నాం. నొప్పుంటే మీరు ఊపిరి బిగబడతారు, గట్టిగా దగ్గలేరు. హాయిగా గాలి పీల్చుకోవాలనే ఇదంతా."

తమ్ముడి ముఖం విప్పారింది. "అంటే హారన్ వైరు పీకి ఇంజను నడిపిస్తున్నారన్నమాట! ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పాను. సరే సరే అని సంతకం పెట్టారు."

"సంతకం పెట్టేటప్పుడు ఎవడు వింటాడమ్మా!"

డబ్బా తీసి పీల్చాడు. మొదటి బంతి బద్ధకంగా కదిలి పడిపోయింది. వాడు ఆగినప్పుడల్లా నేను తిట్లు అందుకున్నాను. సాయంత్రానికి రెండు లేచాయి. మర్నాటి ఎక్స్‌రేలో ఊపిరితిత్తి విచ్చుకుందన్నారు.

నాలుగో రోజు గొట్టాలన్నీ తీసేసి, ఇక మాత్రలు చాలన్నారు. అప్పుడు తెలిసింది నొప్పి. మా తమ్ముడు డాక్టర్లను, కత్తిని, కత్తికి సాన పట్టినవాణ్ణి, పక్కన కూర్చున్న పాపానికి నన్ను కలిపి ఊపిరి తిప్పుకోకుండా తిట్టాడు. డాక్టరమ్మ వరండా చివర్నించి పరుగున వచ్చి, గుమ్మంలో నిలబడి మొత్తం విని, "ఊపిరికి ఢోకా లేదు. ఇక ఇంటికి తీసుకెళ్లండమ్మా" అంది.