ఎవరి ముందర కీ.శే.

మా ఊరి ఎలిమెంటరీ స్కూలు ఎదురుగా అలివేలమ్మ అంగడి. పలకలు, బలపాలు, బొరుగుల ఉండలు అమ్ముతుంది. ఒకప్పుడు ఆ అంగట్లో మాటలకు కరువుండేది కాదు. భర్త అనంతయ్య పోయి నాలుగేళ్లయింది. అప్పటినుంచి అడిగింది తీసిచ్చి ఊరుకుంటుంది. ఆయన పోయిన రోజు కూడా ఏడవలేదు. ఊరు వదులుతుందా? గుండె రాయి అంది. నేనూ అన్నాను, దాచడమెందుకు.

పోయిన వానాకాలం ఒక ఆదివారం బడి పైకప్పు బండ విరిగి మూడో తరగతిలో పడింది. సెలవు కాబట్టి పిల్లలు బతికిపోయారు. కొత్త బడి మంజూరైంది గానీ, పాతది వాగు పోరంబోకులో ఉంది, అక్కడ మళ్లీ కట్టకూడదన్నారు. హెడ్మాస్టరు వేణుగోపాల్ సారు స్థలం కోసం పెద్దల గడపలన్నీ తొక్కాడు. అందరూ ఆలోచిస్తామన్నవాళ్లే. అలివేలమ్మను ఎవరూ అడగలేదు. ఆమే ఒకరోజు సారుకు చాక్‌పీసుల డబ్బా ఇస్తూ, "అంగడి వెనకాల ఇరవై సెంట్లు ఉండాది, తీసుకోండి సారూ" అంది. అది ఇల్లు కట్టుకుందామని అనంతయ్య కొన్న స్థలం. రిజిస్ట్రేషన్ అయ్యాక, "బాధగా ఉండాదా అక్కా?" అని అడిగాను.

"ఏమీ అనిపించల్యా" అంది.

బడి లేచింది. ఆమె ఒక్కటే కోరింది, ప్రారంభోత్సవం రాయి మీద ఆయన పేరు కూడా ఉండాలని. సారు కాగితం మీద రాసిచ్చాడు: "స్థలదాత అలివేలమ్మ, భర్త కీ.శే. అనంతయ్య."

రాయి చెక్కింది బేతంచెర్ల ఖాసిం సాహెబ్. ముప్పై ఏళ్లుగా ఆయన చెక్కినవి చాలావరకు సమాధుల రాళ్లే. వాటిలో మొదటి పేరు ముందర కీ.శే. ఉండి తీరుతుంది. చెయ్యి అలవాటున పోయింది. ప్రారంభానికి ముందురోజు రాయిని గోడకు బిగించి, దుమ్ము తుడిచాక సారు చదివి తల పట్టుకున్నాడు. "స్థలదాత కీ.శే. అలివేలమ్మ, భర్త అనంతయ్య."

"ఉన్నామెను చంపి, పోయినాయన్ని బతికించినావు గదప్పా!" అని నేను పగలబడి నవ్వాను. వెనక్కి తిరిగితే అలివేలమ్మ నిలబడి ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పయిపాయ తల్లీ" అన్నాడు ఖాసిం సాహెబ్. "నీ పేరు ముందరది తీసేసి, అయ్య పేరు ముందర పెడతా."

ఆమె రాయిని నిదానంగా చదువుకుంది. "ఉండనీలేప్పా" అంది.

"అట్లెట్లమ్మా?" అన్నాడు సారు. "రేపు నువ్వు అందరి ముందర కూర్చోవల్ల."

"నాకేమైతాది సారూ. నాలుగేండ్ల నుంచీ నేనుండేది అట్లనే గదా."

గొంతులో ఏ మార్పూ లేదు.

"నేను కీ.శే. చెక్కినోళ్లెవరూ నాతో ఇట్ల మాట్లాడల్యా తల్లీ. ఈ పాపం నాకొద్దు" అంటూ ఖాసిం సాహెబ్ ఉలి తీశాడు. అర్ధగంటలో ఆమె పేరు ముందరి అక్షరాలు పోయాయి. ఉలి పక్కకు జరిపి రెండో పేరు ముందర ఆనించాడు.

అలివేలమ్మ గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది.

"నాది తీసినావు, సరే. ఆయనకు పెట్టొద్దు."

ఆ మాట అని అక్కడే, కొత్త వరండాలో కూలబడి ఏడ్చింది. నాలుగేళ్లకు ఏడ్చింది. ఎవరం దగ్గరికి పోలేకపోయాం.

సారు తాను రాసిచ్చిన కాగితాన్ని తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రాయి మీద చోటు చాల్లేదని చెబుదాంలే, ఖాసిం" అన్నాడు.