నిమ్మకాయలు తొక్కని కారు

ఆయుధ పూజ కాగానే చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు నలగాలి. ఆ దసరాకి హారతి అయిపోయింది, కొబ్బరి ముక్కలు పంచడం కూడా అయిపోయింది. నా కారు కింద నాలుగు నిమ్మకాయలూ మాత్రం నవనవలాడుతూ అలాగే కూర్చున్నాయి. పక్కనే బావ కొత్త కారు తన వంతువి ఎప్పుడో తొక్కేసి, బంతిపూల దండతో పెళ్ళికొడుకులా నిలబడింది.

నాది పాతికేళ్ళు దాటిన కారు. నేను విజయవాడలో ఓ ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ని. రాత్రి డ్యూటీలకి ఆటోవాళ్ళని బతిమాలి, తోటివాళ్ళని "కాస్త దింపుతారా" అని అడిగి అడిగి, నామీద నాకే చిరాకు పుట్టి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అది ఇంటికొచ్చాక ఆ మాట ఎవరినీ అడగలేదు. అందుకే అదంటే నాకు ప్రాణం.

మా అక్క భర్తకి మాత్రం దాన్ని చూస్తేనే ఒళ్ళు మంట. చల్లపల్లి నుంచి ఎప్పుడొచ్చినా "ఇంకా దీన్ని తూకానికి వెయ్యలేదా మరదలా?" అంటారు. కిందటేడు పండక్కి అది మొరాయిస్తే ఉక్రోషం కొద్దీ నోరు జారాను. "వచ్చే దసరాకి నిమ్మకాయలు తొక్కకపోతే మీ ఇష్టం బావా, ఎవరికైనా ఇచ్చెయ్యండి" అన్నాను. మనం చెప్పిన మంచి మాటలు ఎవరికీ గుర్తుండవు గానీ ఇలాంటివి మాత్రం బాగా గుర్తుంటాయి. ఇవాళ కారు కదలకపోగానే పాత ఇనుము కొనే ఆయనకి బావ ఫోన్ చేసేశారు. సాయంత్రానికి లారీ వస్తుంది.

"బ్యాటరీ పోయిందమ్మా" అన్నారు బావ, సెల్ఫ్ కొట్టి కొట్టి దిగి. కాసేపాగి, "కాదు, పెట్రోలు పంపు." ఇంకాసేపాగి, "అసలు ఇంజనే పోయింది. దీనికి నూకలు చెల్లాయి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. రక్తం తియ్యకుండానే జబ్బు పేరు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ పడదు. పట్టుచీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి బానెట్ ఎత్తాను. హారన్ కొడితే వీధి చివర కుక్క ఉలిక్కిపడి లేచింది. సెల్ఫ్ కొడితే ఇంజను గిరగిరా తిరుగుతోంది. అంటే బ్యాటరీ కాదు. దిగి వాసన చూస్తే పెట్రోలు గుప్పుమంది. అంటే పంపూ కాదు. పెట్రోలు వస్తోంది, ఇంజను తిరుగుతోంది, అంటుకోవడమే లేదు. అంటించే నిప్పురవ్వ పుట్టడం లేదన్నమాట.

ఇక రోగిని అడగాల్సింది ఒక్కటే మిగిలింది. నిన్న బాగానే ఉన్నావు కదా, ఇంతలో ఏమైంది? నిన్న సాయంత్రం ఇదే కారులో వన్ టౌన్ వెళ్ళి పూలూ కొబ్బరికాయలూ తెచ్చాను. తెల్లారాక దాన్ని ముట్టుకున్నది ఒక్కరే.

"బావా, పొద్దున్న కార్లు కడిగింది మీరే కదూ?"

"మరెవరు? అద్దాల్లా కడిగా. పూజకి పైపైన కడిగితే ఎలా? బానెట్లెత్తి, పైపు పెట్టి వాయించేశా."

"నాదానిక్కూడానా?"

"మురికంతా నీదాన్లోనే కదమ్మా ఉంది!"

అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం! పాత కార్లలో ప్లగ్గులకి కరెంటు పంచే డబ్బా ఒకటుంటుంది, డిస్ట్రిబ్యూటర్ అంటారు. దాని మూతలోకి తడి చేరితే నిప్పురవ్వ ప్లగ్గుల దాకా పోదు. రెండు క్లిప్పులు లాగి మూత ఎత్తి చూశాను. లోపలంతా నీటి చుక్కలు. లంకెబిందెలు దొరికినా నాకంత సంతోషం కలగదు.

"బావా, జబ్బు దొరికింది. దాని పేరు మీరే!"

ఆయన తొంగి చూసి, గొంతు సవరించుకుని, "ఎండలో పెడితే రేపటికి ఆరుతుందిలే" అన్నారు. లారీ వచ్చేది రేపు కాదు. పైగా ఆకాశమంతా మబ్బు. గుడ్డతో ఎంత తుడిచినా సందుల్లో తడి పోవడం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది అక్క. ఆవిడది మోకాళ్ళ దాకా జుట్టు, పొద్దుటి తలంటు మధ్యాహ్నానికి గానీ ఆరదు. లోపల నిప్పుల కుంపటి మీద బుట్ట బోర్లించి జుట్టు ఆరబోసుకుంటోంది.

"లే అక్కా, నీ కుంపటి కావాలి. నీ బొట్టు బిళ్ళలు కూడా."

మూత విడదీయాలంటే దానికున్న వైర్లు పీకాలి. అవి తారుమారైతే మొదటికే మోసం. అందుకని ఒక్కో వైరుకీ, అది దిగే చోటికీ ఒకే రంగు బిళ్ళ అంటించాను, ఎరుపుకి ఎరుపు, పచ్చకి పచ్చ. "ఆ మెరూన్‌వి ముట్టుకోకే, ఈ చీర మీదకి అవే కావాలి!" అని అరిచింది అక్క. అరుస్తూనే మూత అందుకుని బుట్ట మీద పెట్టింది. సాంబ్రాణి వెయ్యబోతుంటే ఉట్టి సెగ చాలన్నాను. పసిపిల్ల తల ఆరబెట్టినట్టు దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

మూత పొడిపొడిగా ఆరాక బొట్లు చూసుకుంటూ వైర్లు బిగించాను. తాళం తిప్పాను. ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. మూడోసారి అందుకుంది! గేరు వేసి వదిలాను. ఫట్, ఫట్. ముందువి రెండు, వెనకవి రెండు, నాలుగూ నలిగాయి. నేను స్టీరింగ్ మీద కొట్టి కేక పెట్టాను, ఎవరేమనుకున్నా సరే.

అప్పుడే బావ ఫోన్ మోగింది. లారీ ఆయన దారి అడుగుతున్నాడు. బావ నా వంక చూశారు. నేను ఇంకోసారి హారన్ కొట్టాను.

"రానక్కర్లేదండీ" అన్నారు బావ ఫోన్లో. "కారు... బయల్దేరిపోయింది."

అక్క విరబోసిన జుట్టుతోనే వచ్చి కిటికీ దగ్గర వంగింది. "ఈయన్ని అడిగితే ట్రాఫిక్ అంటారు. నన్ను కాస్త వన్ టౌన్ దాకా దింపుతావుటే?"

ఒకప్పుడు నేను అందరినీ అడిగిన మాటే అది. "ఇంకెప్పుడూ ఎవర్నీ అలా అడక్కు. రేపు పొద్దున్నే ఈ సీట్లో నువ్వు కూర్చో, నేను నేర్పుతాను" అన్నాను.

అక్క గబగబా జుట్టు ముడేసుకుని నా పక్కన ఎక్కింది. బావ వెనక సీట్లో కూర్చున్నారు. వీధి మలుపు తిరిగాక మెల్లిగా అన్నారు.

"నేర్చుకుంటే నేర్చుకో గానీ, నా కారు మీద మాత్రం వద్దు."

"మీ కారు ఎవరిక్కావాలండీ!" అంది అక్క, వెనక్కి తిరక్కుండానే.