గోడాదరాలో తెరుచుకోని సైటు

లాక్‌డౌన్‌లు ముగిసిన మరుసటి ఏడాది వేసవిలో కంపెనీ నన్ను సూరత్ కార్యాలయానికి మార్చింది. ఇళ్లకు ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే సంస్థ మాది. ఫిర్యాదులు చూసే విభాగంలో మూడు అంచెలుండేవి. మొదటి అంచె వాళ్లు ఫోన్లో మాట్లాడి సరిచేస్తారు. రెండో అంచె వాళ్లు ఇంటికి వెళ్తారు. వాళ్లకూ అంతుపట్టనివి మూడో అంచెకు, అంటే సీనియర్ ఇంజనీరునైన నా దగ్గరికి వచ్చేవి. రిటైరయ్యే ముందు అదే నా ఆఖరి పోస్టింగ్.

మాది కాకినాడ. సూరత్‌లో నా తెలుగుకు ఏం పని ఉంటుందనుకున్నాను. గోడాదరా అనే పేటలో అడుగుపెట్టాక ఆ అభిప్రాయం మారింది. తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ వీధుల నిండా ఉన్నాయి. ఒక గుమ్మంలో గుజరాతీ, పక్క గుమ్మంలో తెలుగు, రెండింటినీ ముంచేస్తూ కింది అంతస్తుల్లోంచి పవర్‌లూమ్‌ల మోత. ఆ మోత మధ్య మాట్లాడి మాట్లాడి అక్కడివాళ్లందరికీ గొంతు కాస్త పెద్దదే. ఇప్పుడు కాకినాడలో మా వీధి ఎంతో నిశ్శబ్దంగా ఉంటుంది. ఒక్కోసారి ఆ గొంతులు వినాలనిపిస్తుంది.

ఆ ఫిర్యాదు సత్తయ్య అనే మగ్గాల మెకానిక్ ఇంటి నుంచి వచ్చింది. అన్ని సైట్లూ వస్తున్నాయి, ఒక్కటి మాత్రం రావడం లేదు. రెండో అంచె కుర్రవాళ్లు వెళ్లి, ఫైర్‌వాల్ తీసేస్తే సరిపోతుందన్నారట. ఇంట్లోకి వచ్చే ఇంటర్నెట్‌ను వడగట్టే చిన్న పెట్టె అది. కనెక్షన్‌తో పాటు మేమే ఇచ్చేవాళ్లం. ఆ ఇంటి అమ్మాయి రమ్య తీయడానికి ఒప్పుకోలేదు. కారణం తెలియాలని పట్టుబట్టింది. తెలుగువాళ్ల ఇల్లు కదా అని నన్ను పంపారు.

తలుపు తీసింది రమ్యే. సూరత్‌లోనే నర్సింగ్ పూర్తిచేసింది. వరంగల్‌లో కాన్పుల శిక్షణకు దరఖాస్తు పెట్టుకుంటోంది. తెరుచుకోనిది ఆ శిక్షణ కేంద్రం సైటే. మొబైల్ డేటా మీద వస్తోందా అని అడిగాను.

“వస్తది సార్. ఫారం గూడ ఫోన్లనే నింపిన. సైటు తెరవనీకి పిలవలే మిమ్మల్ని. ఇంట్ల ఎవరు బంద్ జేసిన్రో అది చెప్పుండ్రి.”

సత్తయ్య గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కూతురు సూరత్ ఆస్పత్రిలోనే చేరాలని ఆయన కోరిక. ఆ మాట మీద ఇద్దరికీ చాలా రోజులుగా పడటం లేదు. ఫైర్‌వాల్ పాస్‌వర్డ్ తెలిసింది ఆయన ఒక్కడికే.

“నేనేం జెయ్యలే సార్. నడుస్తలేదని పొద్దుగాల పెట్టె బంద్ జేసి మల్ల చాలు జేసిన, గంతే.”

ఆయనకు చేటు చేసింది ఆ పనే. ఏ సైటును ఏ నియమం ఆపిందో పెట్టె రాసుకుంటుంది. ఆ రకం పెట్టె ఆపి మళ్లీ వేస్తే ఆ రాత చెరిగిపోతుంది, మర్నాటిదాకా కొత్తగా ఏమీ రాసుకోదు. రెండో అంచె కుర్రవాడు ఆ సంగతి రమ్యకు చెప్పి వెళ్లాడు. తండ్రి కావాలనే తుడిపేశాడని ఆమె నమ్మింది.

“నాయినే జేసుంటే ఇగ అడిగేది లేదు సార్. చెప్పకుండనే పోత” అంది. ఆ మాట ఆయనకు వినపడేలాగే అంది.

నేను వరసగా పరీక్షలు మొదలుపెట్టాను. రమ్య ల్యాప్‌టాప్‌ను ఫైర్‌వాల్‌కు కాకుండా నేరుగా మోడెమ్‌కు కలిపితే సైటు వచ్చింది. అంటే ఆపుతున్నది ఫైర్‌వాలే. సత్తయ్య చేత పాస్‌వర్డ్ కొట్టించి లోపల చూశాను. మనుషులు స్వయంగా చేర్చే నిషేధాల పట్టీ ఖాళీగా ఉంది. రమ్య ఊరుకోలేదు. పొద్దున తీసేసి ఉండొచ్చు కదా అంది. ఆమె సందేహంలో తప్పులేదు.

అప్పుడు పెట్టె తనంతట తాను అమలుచేసే నియమాలను ఒక్కొక్కటే ఆపి చూశాను. కొత్తగా నమోదైన సైటు పేర్లను ఆపే నియమం తీయగానే సైటు తెరుచుకుంది. మోసగాళ్లు రోజుకో కొత్త పేరుతో సైట్లు పెడుతుంటారు. అందుకని కొత్త పేరు దేన్నయినా ఈ పెట్టె కొన్నాళ్లపాటు లోపలికి రానివ్వదు. నమోదు వివరాలు చూస్తే శిక్షణ కేంద్రం ఈమధ్యే తన సైటు పేరు మార్చుకుంది.

ఈ వివరణ చెబితే సరిపోదని రమ్య ముఖం చూస్తే తెలిసింది. నియమాన్ని మళ్లీ పెట్టాను. మా కంపెనీ అదే వారంలో ఒక కొత్త సైటు పేరు నమోదు చేసింది. అది ఇంకా బయటివాళ్లకు తెలియదు. ఆ పేరు రమ్య చేతనే కొట్టించాను. రాలేదు. ఫోన్లో కొట్టమన్నాను. వచ్చింది.

“ఈ పేరు మీ నాన్నగారికి తెలిసే అవకాశం లేదమ్మా. దీన్నీ ఆ పెట్టే ఆపింది” అన్నాను.

ఆమె రెండు తెరలనూ మార్చి మార్చి చూసింది. తర్వాత తండ్రి వైపు తిరిగింది. సత్తయ్యే ముందుగా అన్నాడు:

“బంద్ జెయ్యలే బిడ్డా. కని అది తెరుసుకోకుంటే మంచిగుండు అని మనసుల అనుకున్న. అబద్ధమెందుకు?”

ఆ మాటతో రమ్యకు కళ్లనీళ్లు వచ్చాయి. “గది ముందే అనొచ్చు గద నాయినా” అంది. నేను పెట్టె వైపు తిరిగి పనిలో పడ్డాను.

నియమం మొత్తం తీసేస్తే మోసపు సైట్లకు దారి ఇచ్చినట్టే. అందుకని ఆ కేంద్రం పేరు ఒక్కటే అనుమతుల పట్టీలో చేర్చాలి. ఎలాగో సత్తయ్యకు చూపిస్తానన్నాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తానే టైపు చేశాడు. రమ్య పక్కన నిలబడి స్పెల్లింగు చెప్పింది. అయినా సైటు రాలేదు. ల్యాప్‌టాప్ ‘రాదు’ అన్న పాత జవాబునే గుర్తుపెట్టుకుని ఉంది. ఆ జ్ఞాపకాన్ని చెరిపేశాక వచ్చింది. ఈసారి రమ్య తండ్రిని అనుమానంగా చూడలేదు.

రమ్యకు సీటు వచ్చిందని ఆ తర్వాత సత్తయ్య ఫోన్ చేసి చెప్పాడు. రైలు ఎక్కించి వచ్చాడట. ఇంట్లో ఉండబుద్ధి కావడం లేదని కూడా చెప్పాడు. రెండూ దాచుకోలేదు.

అంతకుముందు నేనూ, మా విభాగంలో మిగతావాళ్లూ, సైటు తెరుచుకుంటే ఫిర్యాదు ముగిసిందనే రాసేవాళ్లం. ఆ తర్వాత కొత్తగా చేరిన ఇంజనీర్లకు నేను రెండు విషయాలు నేర్పాను. ఏ నియమం ఆపిందో తేలకుండా ఫైర్‌వాల్ తీయకూడదు. తేలాక ఆ కారణాన్ని ఇంట్లో అందరి ముందూ, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. మనం కారణం చెప్పకుండా వచ్చేస్తే, ఇంట్లోవాళ్లు తమలోనే ఎవరో ఒకరిని కారణం చేసుకుంటారు.