పాలు పొంగిన తేదీ

ఒక్క లీటరు పాలు పొంగించి ఒక విదేశీ శాస్త్రవేత్తను దేశం దాటించబోయిన మనిషిని మీరు ఇంతవరకు చూసి ఉండరు. చూడండి, నేనే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఊరు వెలిమెలలో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, మీరు కొత్తగా చేరినంత మాత్రాన పోవడానికి నాకు పరువేమీ మిగల్లేదు.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి, ఎందుకంటే అసలు సిగ్గంతా అక్కడే ఉంది. అప్పట్లో పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో రికార్డులు తనిఖీ చేసేవాణ్ణి. పని చేసినవాడు ఆ నిమిషానే తేదీ వేసి సంతకం పెట్టాడా లేదా అని చూడటమే నా పని. సాయంత్రం చేయబోయే పనికి పొద్దున్నే సంతకం గీకేసినవాడు దొరికాడంటే ఆ షిఫ్టు మొత్తానికి వినబడేలా క్లాసు పీకేవాణ్ణి. ఒడిశా నుంచి వచ్చిన ఆపరేటర్లు నన్ను చూడగానే "తారీఖ్ సాబ్ ఆ గయే" అని గుసగుసలాడుకునేవారు. నేను దాన్ని బిరుదు అనుకునేవాణ్ణి. వయసు ఇరవై ఆరు. ఆ వయసులో మగవాడికి తెలియని విషయం ఏముంటుంది చెప్పండి!

ఆ జూన్‌లో మా ఇంటి పై పోర్షన్ ఖాళీ అయింది. పటాన్‌చెరు వైపు ఒక పరిశోధన కేంద్రానికి ఇథియోపియా నుంచి అల్మాజ్ అనే ఆవిడ ఆర్నెల్ల వీసా మీద ఎక్స్ఛేంజ్ స్కాలర్‌గా వచ్చింది. జొన్న పంట మీద పరిశోధన. గెస్ట్‌హౌస్‌లో ఉంటోంది కానీ, సొంతంగా వండుకోవాలని ఇల్లు వెతుక్కుంటూ మా గుమ్మం ఎక్కింది. అమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, కూర్చోబెట్టి అన్నం పెట్టి, మారు వడ్డించాక ఇల్లు ఇస్తానంది. చిక్కల్లా ఒక్కటే.

"గెస్ట్‌హౌస్ రూమ్ ఇంక పది పన్నెండు దినాలుంటదంట. అది అయిపోయినంక వస్తదంట" అన్నాను.

"అప్పటికి ఆషాఢం పడ్తది. ఆషాఢంల ఎవలన్న కొత్తింట్ల దిగుతరార మల్లేశా?"

"ఆమెకు ఆషాఢం లేదే అమ్మా!"

"ఆమెకు లేకుంటె ఏమాయె, ఇంటికున్నది గద!"

ఇంటికి ఆషాఢం ఎక్కడుందో అని నేను గోడలన్నీ వెతికాను. మీకు దొరికితే చెప్పండి.

ఇలాంటి చిక్కుకు మా వైపు అందరికీ తెలిసిన దారి ఒకటుంది. "బుధారం మంచిగున్నది. పాలు పొంగిచ్చి, ఒక సామాను పెట్టి పొమ్మను. దిగినట్టే లెక్క. పండుకునుడు ఎప్పుడొచ్చి పండుకున్నా ఏం గాదు" అని అమ్మ తేల్చేసింది.

బుధవారం పొద్దున అల్మాజ్ ఒక సూట్‌కేసు పట్టుకుని వచ్చింది. అమ్మ ఆమె చేత గడపకు పసుపు రాయించింది, కొత్త గిన్నెలో పాలు పెట్టించింది. పాలు పొంగగానే ఆవిడ కంగారుపడి స్టవ్ ఆపబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "పొంగనియ్యి బిడ్డా, దానికోసమే గదా పెట్టినం!" ఆవిడ అరచేతులు చరుస్తూ నవ్వింది. ఆ తర్వాత సూట్‌కేసు మూలన పెట్టి, మళ్ళీ గెస్ట్‌హౌస్‌కు వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆమె ఫోన్ చేసి ఇంగ్లీషులో చెప్పింది. "మల్లేశ్, విదేశీయులు ఇంట్లో దిగిన ఇరవై నాలుగు గంటల్లోపు ఇంటివాళ్ళు ఆన్‌లైన్‌లో ఒక ఫారం పెట్టాలట. నేను మారే రోజున నీకు గుర్తుచేస్తాను."

ఇందులో రెండో వాక్యం నేను వినలేదు. వినే ఓపిక ఎక్కడిది? ఫారం అన్న మాట చెవినపడగానే నా చేతులు దురదపెట్టాయి. అరగంటలో కూర్చుని నింపేశాను. 'ఈ చిరునామాకు చేరిన తేదీ' అన్నచోట బుధవారం తేదీ వేశాను. సమయం అడిగితే పాలు ఎన్నింటికి పొంగాయో గుర్తుచేసుకుని ఉదయం పది ఇరవై అని నిమిషాలతో సహా వేశాను. మర్నాడు ఫోన్ చేసి, "నీ ఫారం నిన్ననే పెట్టేశా" అన్నాను.

"కానీ నేనింకా..."

"థాంక్సులు ఏం వద్దులే" అని పెట్టేశాను.

తొమ్మిది రోజుల తర్వాత ఆవిడ మిగతా సామానుతో వచ్చి, పై గదిలో హాయిగా నిద్రపోయింది. గెస్ట్‌హౌస్ వాళ్ళు బుద్ధిమంతులు, ఆమె ఖాళీ చేసిన తేదీనే రాసుకున్నారు. అంటే ప్రభుత్వం లెక్కలో అల్మాజ్ తొమ్మిది రాత్రులు పటాన్‌చెరులోనూ పడుకుంది, వెలిమెలలోనూ పడుకుంది.

ఇది ఎన్నాళ్ళైనా ఎవరి కంటా పడేది కాదు. కానీ వానలు ఆ ఏడు ఆమె జొన్న కంకులకు బూజు పట్టించాయి. అక్టోబరులో మళ్ళీ విత్తింది. కోత ఫిబ్రవరిలో. వీసా డిసెంబరులో అయిపోతుంది. పొడిగింపు కోసం దరఖాస్తు పెట్టింది. పది రోజులకు ఆమె ల్యాప్‌టాప్ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

"మల్లేశ్, ఆ తొమ్మిది రోజులు నేను ఏకకాలంలో రెండు చిరునామాల్లో ఎలా ఉన్నానని అడుగుతున్నారు. ఇంటి ఫారంలో ఏ తేదీ వేశావు?"

పాలు పొంగిన బుధవారందే వేశానన్నాను. అయినా తగ్గలేదు. "భయపడకు. ఫ్యాక్టరీలో ఇలాంటివి రోజుకు నాలుగు చూస్తా. వివరణ నేను రాస్తా" అన్నాను. ఆవిడ ల్యాప్‌టాప్ నా ముందుకు జరిపింది. వద్దని ఆ రోజే గట్టిగా అని ఉంటే ఎంత బాగుండేది!

రాశాను. మా ఫ్యాక్టరీలో తప్పు జరిగితే నింపే నమూనా ఒకటుంది, అచ్చం అలాగే రాశాను. 'జరిగినది: సదరు విదేశీ అతిథి స్వయంగా రావడానికి తొమ్మిది రోజుల ముందే శుభప్రదంగా వచ్చి ఉన్నారు. మూలకారణం: ఆషాఢమాసం. నివారణ చర్య: వచ్చే ఏడాది నుంచి ఆషాఢాన్ని ముందుగానే గమనించగలము.' కింద సంతకం, తేదీ, సమయం.

రెండోరోజే జవాబు వచ్చింది. విదేశీ స్కాలరు, ఇంటి యజమాని, ఈ వివరణ రాసిన వ్యక్తి ముగ్గురూ శుక్రవారం సంగారెడ్డిలోని విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు స్వయంగా రావాలి. ఆ శుక్రవారం తర్వాత రెండో శనివారం, ఆపైన ఆదివారం. వీసా గడువు ఆ ఆదివారమే. ఇల్లేమో అమ్మ పేరు మీద ఉంది.

బస్సులో అల్మాజ్ నా పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తూ, "జొన్న ఇప్పుడే పొట్టమీద ఉంది, కంకి ఇంకా బయటపడలేదు. నేను పోతే కోత ఎవరు చూస్తారు? రెండు పంటలు పోయినట్టే" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంతమంది చేత తేదీలు దిద్దించినవాణ్ణి, ఒక్క తేదీతో ఆమె ఆర్నెల్ల కష్టాన్ని మట్టిలో కలిపేశాను కదా అని నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆఫీసులో ఆఫీసరు నడివయసు మనిషి. ముందు నా వివరణ తీసి రెండుసార్లు చదివారు. తర్వాత అమ్మ వైపు తిరిగారు.

"అమ్మా, ఈ మేడమ్ మీ ఇంటికి ఎప్పుడొచ్చింది?"

"బుధారం వచ్చింది సారూ."

"ఆ రాత్రి యాడ పండుకున్నది?"

"గెస్ట్‌హౌస్‌ల."

"మరి వచ్చింది అంటున్నవ్?"

"వచ్చింది. పండుకోను రాలే. పాలు పొంగియ్యను వచ్చింది. ఏంది సారూ, మీరు ఇల్లు మారలేదా ఎన్నడు?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "మారిన. పోయిన శ్రావణంల."

"పాలు ఎన్నడు పొంగిచ్చిన్రు, సామాను ఎన్నడు తెచ్చుకున్రు?"

"అది... పాలు శుక్రారం. సామాను ఆదివారం." పక్క బల్ల మీది క్లర్కు ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. ఆఫీసరు చూపు నా మీద పడింది. "నువ్వేనా రాసింది? ఏం పని చేస్తవ్?"

"ఫ్యాక్టరీల సార్. రికార్డుల... తేదీలు సరిగ్గ ఏసిన్రా లేదా అని చూస్త."

ఆయన నవ్వలేదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళద్దాలు తీసి, కళ్ళు తుడుచుకున్నారు. అంతకంటే నవ్వేసినా బాగుండేది.

"సూడు బాబూ, మేడమ్ తప్పేం లేదు. గెస్ట్‌హౌస్ కాగితం సక్కగున్నది. నువ్వు తప్పు ఒప్పుకుంటూ రాసియ్యి, ఇంటామె సంతకం పెడ్తది, ఫారం ఇక్కడనే దిద్దుదాం. నా రిపోర్టు ఇప్పుడే పైకి పంపిస్త." అల్మాజ్ ఊపిరి పీల్చుకుంది. నేను కాగితం అందుకున్నాను. సరిగ్గా అప్పుడే అమ్మ లేచి నిలబడింది.

"ఇయ్యాల అమాస సారూ. అమాసనాడు బిడ్డ కాగితం కదలొద్దు. రేపు పంపుండ్రి."

"రేపు సెలవమ్మా!"

"ఎల్లుండి పంపుండ్రి."

"ఎల్లుండితోని వీసానే అయిపోతది!"

"అమాసనాడు పంపితె మంచిగైతదా? ఇల్లు నాది, సంతకం నాది. నేనైతే ఇయ్యాల పెట్ట."

నేను అమ్మ కాళ్ళ మీద పడటానికి ఒంగుతున్నాను, నిజంగానే. అప్పుడు అల్మాజ్ అమ్మ భుజం మీద చెయ్యి వేసి, అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగులోనే మాట్లాడింది. "అమ్మా, ఫికర్ జెయ్యకు. మా దేశంల క్యాలెండర్ వేరే. మాకు ఇయ్యాల నెల మొదటి దినం. మేరీ తల్లి దినం. చాలా మంచి దినం."

అమ్మ ఆమె మొహంలోకి చూసింది. "తల్లి దినమా? నిజంగ?"

"నిజంగ."

"ఆ ముచ్చట ముందే చెప్పొద్దా బిడ్డా! కాగితం ఆమెది, దినం ఆమెదే సూడాలె. కానియ్యుండ్రి సారూ, జల్దీ" అని అమ్మ పెన్ను లాక్కుని సంతకం పెట్టేసింది.

ఆఫీసరు ఆసక్తిగా ముందుకు వంగారు. "మీ క్యాలెండర్ వేరేనా మేడమ్? మీకు ఇప్పుడు ఏ సంవత్సరం?"

"మీకంటె ఏడేండ్లు ఎనుక సార్."

ఆయన పెన్ను కింద పెట్టారు. "అంటే మీ లెక్కల వీసాకు ఇంక ఏడేండ్లున్నది. ఈ పిలగాని చేతికి మాత్రం మీ క్యాలెండర్ ఇయ్యకుండ్రి మేడమ్, దండం పెడ్త" అన్నారు. ఈసారి ఆఫీసు మొత్తం నవ్వింది. అల్మాజ్ అందరికంటే గట్టిగా నవ్వింది.

పొడిగింపు ఆ సాయంత్రమే వచ్చింది. ఫిబ్రవరిలో ఆమె జొన్న కోసింది, మొదటి సంచి పిండితో అమ్మ రొట్టెలు చేసింది. నేనూ తిన్నాను, తలవంచుకుని.

ఇంతకీ నేను ఆ ఆఫీసులో రాసిచ్చిన కాగితం సంగతి. తప్పు ఒప్పుకున్నాక, ఇకముందు ఏం చేస్తానో కూడా రాయమన్నారు ఆఫీసరు. నిండు మనసుతో, అక్కడి గోడలు సాక్షిగా ఇలా రాశాను: 'ఇకమీదట మా ఇంటికి ఏ దేశం నుంచి ఎవరు వచ్చినా, ఎన్ని లీటర్ల పాలు పొంగించినా, పై గదిలోంచి వారి గురక నా చెవులారా వినేదాకా ఏ ఫారమునూ ముట్టుకోనని ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను.'