పచ్చబొట్ల కొట్లో వదిన తనిఖీ

మా వదినని నమ్మించడం బ్రహ్మతరం కాదు. పాల ప్యాకెట్టు కొంటే తేదీ చూసి ఊరుకోదు, వెలుతురుకి ఎత్తిపట్టి అడుగు కూడా చూస్తుంది. ఎవరైనా "చీర బాగుందండీ" అంటే "ఏం పని పడింది?" అని అడుగుతుంది. కాపరానికొచ్చిన మొదటి వారంలోనే మా ఇంట్లో మందుల పెట్టె సగం ఖాళీ అయింది. గడువు దాటినవన్నీ చెత్తబుట్టలో పడ్డాయి. ఆ రోజే మా అమ్మ ఆవిడకి 'డిటెక్టివ్' అని పేరు పెట్టేసింది.

అలాంటి మనిషికి ఉద్యోగమూ అలాంటిదే దొరికింది. ఆరోగ్య శాఖలో ఇన్‌స్పెక్టరు. పచ్చబొట్లు వేసే కొట్లూ, చెవులూ ముక్కులూ కుట్టే కొట్లూ తిరిగి, లైసెన్సు ఉంచాలో పీకెయ్యాలో చెప్పాలి. లోపలికి అడుగుపెట్టాక గోడమీది సర్టిఫికెట్ల వంకైనా చూడదట. కుర్చీ చేతుల కింద వేలుపెట్టి రాస్తుంది. వాడిన సూదుల డబ్బా నిండి పొంగుతోందేమో వంగి చూస్తుంది. చేతులు కడుక్కునే చోట సబ్బు నొక్కుతుంది. అది ఎవరూ వాడక ఎండి బిగుసుకుపోయి ఉందా, ఆ కొట్టువాడి పని అయిపోయినట్టే.

ఇప్పుడు నా ఖర్మ వినండి. మాదీ అదే వ్యాపారం. మా ఆయన పచ్చబొట్లు వేస్తాడు, నేను చెవులూ ముక్కులూ కుడతాను. బంధువుల కొట్లు తనిఖీ చెయ్యకూడదని వాళ్ళ ఆఫీసులో రూలు. అందుకని మా దగ్గరికి ఇంకో ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు. ఆయన గుమ్మంలో నిలబడి నాలుగు వైపులా చూసి, "అద్దంలా ఉందమ్మా" అని వెళ్ళిపోయేవాడు. నిజంగా అద్దంలాగే ఉండేది. రోజూ నడుం విరిగేలా తుడిచేది నేనే కదా!

ఆ మాట వదినకి చెబితే మూతి తిప్పింది. "అద్దంలో మొహం కనిపిస్తుంది గానీ క్రిమి కనిపించదు మరదలా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆడపడుచు తన కాళ్ళ మీద తను నిలబడితే ఓర్వలేని రకం అనుకున్నాను. ఆ కొట్టు తప్ప మాకు ఇంకో ఆధారం లేదు. మా ఇద్దరికీ ఇంకో పని చేతకాదు కూడా. అది మూతపడితే వీధిన పడతాం.

ఈలోగా మా అన్నయ్య ఓ మధ్యాహ్నం దొంగలా మా కొట్టుకి వచ్చాడు. జబ్బ మీద గులాబీ వెయ్యాలట, వదినకి ఇష్టమని. పెళ్ళిరోజున చూపిస్తాడట. "ఈలోపు దానికి తెలిసిందో, మీ ఇద్దరి సంగతీ చెప్తా" అని బెదిరించాడు కూడా. మా ఆయన మనసుపెట్టి వేశాడు. గీతలు నల్లగా, రేకుల నీడలు బూడిద రంగులో. ఆ బూడిద నీడలకే మా ఆయనకి పేరు.

తర్వాత కొన్నాళ్ళకి వదిన మా కొట్టుకొచ్చి బెంచీ మీద కూర్చుంది. సెలవు పెట్టిందట.

"ఏంటి వదినా, ఇలా వచ్చావు?"

"ఊరికేనే. అన్నయ్యగారి పని చూద్దామని."

ఊరికేనట! ఆవిడ ఊరికే తుమ్మను కూడా తుమ్మదు. గులాబీ సంగతి పసిగట్టిందా, లేక మా లైసెన్సుకే ఎసరు పెడుతోందా అని ఆలోచిస్తూనే కాఫీ కలిపాను. కాఫీ ఇస్తే ముట్టుకోలేదు. ఆవిడ కళ్ళు మా ఆయన చేతుల్ని వదలడం లేదు.

కుర్చీలో ఒక కాలేజీ అమ్మాయి ఉంది, ముంజేతి మీద సీతాకోకచిలుక కావాలంటూ. మా ఆయన చేతులు కడుక్కుని కొత్త గ్లవ్స్ తొడుక్కున్నాడు. ఆ అమ్మాయి ముందే కొత్త సూది ప్యాకెట్టు చింపాడు. వదిన లేచి ఆ ప్యాకెట్టు మీద తేదీ చదివి మళ్ళీ కూర్చుంది. చూసుకో తల్లీ, కళ్ళారా చూసుకో, అనుకున్నాను.

నల్ల గీతలు పూర్తయ్యాయి. మా ఆయన చిన్న మూతలో నల్ల సిరా రెండు చుక్కలు వేసి, పక్కనున్న ప్లాస్టిక్ సీసా నొక్కి నీళ్ళు కలిపాడు.

"ఆగండి అన్నయ్యగారూ. అవేం నీళ్ళు?"

"మంచినీళ్ళేనమ్మా. నలుపు పలచబడితేనే కదా బూడిద రంగొచ్చేది."

"ఎక్కడివి?"

"ఫిల్టరువి. మేం తాగేవే" అన్నాడు మా ఆయన, గొప్పగా. "నాకు పని నేర్పినాయనా ఇలాగే కలిపేవాడు."

"తాగితే కడుపు చూసుకుంటుంది. మీరు సూదితో చర్మం కిందకి ఎక్కిస్తున్నారు. సూది కొత్తది, గ్లవ్స్ కొత్తవి, తీరా చూస్తే ఫిల్టరు నీళ్ళా? సీలు తియ్యని, క్రిములు లేని స్టెరైల్ నీళ్ళు వాడాలని మీకెవరూ చెప్పలేదా?"

ఆ అమ్మాయికి కట్టు కట్టించి పంపేసింది. ఫోను తీసి ఆ ఇంకో ఇన్‌స్పెక్టరుకి చేసింది. "మా వాళ్ళ కొట్టు. నేను రాయకూడదు. మీరే రండి. ఈసారి కూర్చుని చూడండి."

నాకు ఆగలేదు. "ఎంత కడుపుమంట వదినా నీకు! ఒక్క మాట చెబితే రేపటినుంచి మార్చుకోమా? మా అన్నయ్య మొహం చూసైనా మా పొట్ట కొట్టకుండా ఉండలేవా?"

"మీ అన్నయ్య చెయ్యి చూసే వచ్చాను."

గభాల్న మా ఆయన వంక చూశాను.

"ఇంత ఎండల్లో ఫుల్ చేతుల చొక్కాలేస్తుంటే ఇంకో ఆడదేమో అనుకున్నాను. మొన్న పొద్దున చొక్కా పట్టుకుని విప్పించాను. గీతల మీద ఒక్క పొక్కు లేదే. బూడిద రంగున్న చోటల్లా ఎర్రగా, చీమలు కుట్టినట్టు పొక్కులు. సూది తప్పయితే గీతల మీదా పొక్కులు రావాలి కదా? అందుకే రంగు కలిపేటప్పుడు చూద్దామని వచ్చాను. డాక్టరుకి చూపిస్తే నెలల తరబడి మందులు మింగాలన్నాడు." అక్కడికొచ్చేసరికి ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "నాకోసమటే ఆ గులాబీ. పెళ్ళిరోజు దాకా దురద ఓర్చుకుని దాచాలనుకున్నాడు, పిచ్చి మనిషి."

వదిన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆయన ఆ సీసా చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"తప్పయిపోయింది వదినా. ఇవాళే పారబోస్తాం. కొట్టొక్కటీ మూయించకు" అని చేతులు పట్టుకున్నాను.

వదిన చేతులు విడిపించుకుని కళ్ళు తుడుచుకుంది.

"మీ అన్నయ్య చొక్కా విప్పించడానికి నేనున్నాను. బూడిద రంగు వేయించుకున్న మిగతావాళ్ళకి ఎవరున్నారే?"

మా ఆయన సీసా కింద పెట్టి, పచ్చబొట్లు వేయించుకున్నవాళ్ళ నంబర్ల పుస్తకం తెరిచి ఫోను అందుకున్నాడు. నేను వెళ్ళి, ఇంకెవరూ లోపలికి రాకుండా తలుపుకి తాళం వేశాను.